లసుమవ్వ కుడిచెయ్యి

లసుమవ్వకు మెలకువ వచ్చేసరికి ఛాతీ మీద ఎవరిదో చెయ్యి ఉంది. బరువుగా, వెచ్చగా ఉంది. పక్కన పడుకున్న మొగుడిదే అనుకుని, చెయ్యి తియ్యమని, తెల్లారిందని గొణిగింది. దశరథం జవాబివ్వలేదు. అతడు అప్పటికే లేచి వాకిట్లో కత్తి నూరుకుంటున్నాడు. రాతి మీద కత్తి గీసుకునే చప్పుడు లోపలికి వినిపిస్తోంది. లసుమవ్వ ఎడమచేత్తో ఆ చేతిని పట్టుకుని పక్కకు తోసింది. తోసిన చేతితో పాటు తన భుజమూ కదిలింది. కళ్లు దించి చూస్తే ఆ మణికట్టుకు తన వెండి కడియమే ఉంది.

అది పంతొమ్మిది వందల యాభై ఎనిమిది. పసుపు ఉడకబెట్టే రోజులు. మెట్‌పల్లికి మూడు కోసుల దూరంలో ఉన్న తాటిగుంట ఊరంతా పసుపు ఆవిరి వాసన వేస్తోంది.

ఆమె కేక విని దశరథం లోపలికి వచ్చాడు. ఒకే పక్కకు ఒత్తిగిలి పడుకుంటే చెయ్యి తిమ్మిరెక్కి ఉంటుందన్నాడు. వేళ్లు ఆడించమంటే ఆడించింది. తన చెయ్యి పట్టుకొమ్మంటే అతడు అబ్బా అనేంత గట్టిగా పట్టుకుంది. బలానికేమీ లోటు లేదు. కానీ లేచి నిలబడబోతే కుడికాలు నేల మీద ఆనిందో లేదో తెలియలేదు. గాలిలో అడుగు వేసినట్టు వేసి, గోడకు కొట్టుకుని కూలబడింది. రెండోసారి కాలి వంక చూస్తూ లేచింది. చూస్తున్నంతసేపు కాలు చెప్పినట్టు విన్నది.

లసుమవ్వకు అప్పటికి యాభై దగ్గర పడింది. మంగలి ఇంటి కోడలిగా పన్నెండేళ్లకు తాటిగుంటకు వచ్చింది. మొగుడు ఊరికి గడ్డాలు గీస్తే, ఆమె అత్త వెంట తిరిగి మంత్రసాని పని నేర్చింది. ఊళ్లో ముప్పై ఏళ్ల లోపు వాళ్లలో సగానికి సగం మంది ఆమె చేతుల్లో పడ్డవాళ్లే. వాళ్లలో మీసాలొచ్చిన మగాళ్లు కూడా దారిలో ఎదురైతే పక్కకు జరిగి, ఏం అవ్వా అని పలకరించి పోయేవాళ్లు.

ఆమె పనంతా కుడిచేతిలోనే ఉండేది. ఆముదం రాసుకున్న చెయ్యి లోపలికి పోయిందంటే లసుమవ్వ కళ్లు మూసుకునేది. తల ఎటు తిరిగి ఉన్నదో, బిడ్డ ఎంత కిందికి దిగిందో, ఇంకెంతసేపు పడుతుందో చెయ్యే చెప్పేది. రజాకార్ల భయానికి ఊరంతా గుట్టలెక్కిన ఏడు, రెండు బండల నడుమ సందులో ఒక రైతు భార్యకు పురుడు పోసింది. అక్కడ మనిషి వంగడానికే చోటు లేదు. ముఖం బండకు ఆనించి, చెయ్యి ఒక్కటి చాపి పని కానిచ్చింది. ఎట్ల చేసినవే అని ఆడవాళ్లు అడిగితే, తన చెయ్యికి ఎర్క అని ఊరుకునేది. అంతకు మించి చెప్పడానికి ఆమె దగ్గర మాటలు లేవు. ఎప్పుడూ అవసరం పడలేదు.

చెయ్యి సంగతి మూడు రోజుల పాటు ఇంట్లో వాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు. ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుందని ఆశ. మూడోనాడు గంగయ్య పటేలు ఇంటి నుంచి పిలుపు వచ్చింది. ఆయన మనవడికి పది రోజులు. నీళ్లు పోయాలి. పోకపోతే అనుమానపడతారని పోయింది.

పెరట్లో పీట మీద కూచుని కాళ్లు చాపింది. పసివాణ్ని కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టుకుంది. కుడిచెయ్యి నీళ్లలో ముంచి చూసింది. వేడి సరిగ్గానే తెలిసింది. కొంచెం చన్నీళ్లు కలపమని కూడా చెప్పింది. దాంతో ఆమెకు ధైర్యం వచ్చింది. వీపు మీద నీళ్లు పోస్తూ, పిల్లవాడి నాయనమ్మ ఏదో అడిగితే తలెత్తి జవాబు చెప్పింది. అంతలోనే ఆ నాయనమ్మ ముఖం మారిపోయింది. ఒక్క ఉదుటున వంగి చేతులు చాపింది. పిల్లవాడు కుడికాలి మీద నుంచి జారి తడి నేల మీద పడి ఉన్నాడు. లసుమవ్వ కాలు అట్లాగే చాపి ఉంది. ఆ కాలికి పిల్లవాడు ఇంకా తన మీదే ఉన్నాడు.

పిల్లవాడికి ఏమీ కాలేదు. జానెడు ఎత్తు నుంచి మెత్తటి బురదలో పడ్డాడంతే. కాసేపు ఏడ్చి పాలు తాగి పడుకున్నాడు. కానీ ఆ మాట సాయంత్రానికి ఊరంతా పాకింది.

పురిట్లో చనిపోయిన ఆడదెవరో ఆ చేతిని పట్టుకుందని కొందరన్నారు. దశరథం నిమ్మకాయలు కోయించాడు. వేపమండలతో దిగదుడుపు తీయించాడు. ఇంకొందరు అంతా దొంగ రోగమన్నారు. వాళ్లను తప్పుబట్టడానికీ లేదు. నెత్తి మీదొకటి, చంకలోనొకటి రెండు బిందెలు మోసుకుని బావి దగ్గర నుంచి వచ్చే మనిషికి చెయ్యి పనిచేయదంటే ఎవరు నమ్ముతారు? కాకపోతే ఆ వచ్చేటప్పుడు ఎవరైనా పిలిస్తే ఆమె తల తిప్పేది కాదు. తిప్పితే చంకలోని బిందె ఎటు జారుతుందో ఆమెకు తెలియదు.

అన్నిటికంటే విచిత్రం మరొకటుంది. కంప మీద చెయ్యి పడితే చురుక్కుమనేది. పొయ్యి దగ్గర చెయ్యి కాలితే ఠక్కున వెనక్కి లాక్కునేది. కానీ మెత్తటి గుడ్డ పెట్టినా, గరుకు గోనె పెట్టినా ఒక్కటే. అసలు ఏదైనా పెట్టినట్టే ఉండదు. ముల్లు గుచ్చితే తెలుస్తది, పువ్వు పెడితే తెలుస్తలేదు అని మొగుడితో చెప్పి కళ్లనీళ్లు పెట్టుకుంది.

ఉగాది పోయాక దశరథం ఆమెను కరీంనగర్ దవాఖానాకు తీసుకుపోయాడు. మెట్‌పల్లిలో బస్సెక్కి జగిత్యాల మీదుగా పోయేసరికి మధ్యాహ్నమైంది. రాష్ట్రం ఒక్కటయ్యాక కోస్తా వైపు నుంచి వచ్చిన డాక్టరొకాయన ఉన్నాడు. పెద్ద వయసు, నిదానం మనిషి. ఆమెను బల్ల మీద కూచోబెట్టి కళ్లు మూసుకోమన్నాడు.

దూది ముక్కతో ముట్టుకుంటూ, తగిలినప్పుడల్లా చెప్పమన్నాడు. ఎడమచెయ్యి మీద పెట్టిన ప్రతిసారీ చెప్పింది. కుడివైపు మొదలుపెట్టాక ఆమె నోరు మెదపలేదు. మొదలుపెట్టలేదేమో అనుకుంది. సూదితో పొడిస్తే రెండు వైపులా ఒకేలా చెప్పింది. రెండు పళ్ల ఇనుప పటకారు లాంటిది బల్లకు కొట్టి, దాని మొదలు ఎముక మీద ఆనించాడు. ఎడమ మోచేతిలో జుమ్మని తేనెటీగ దూరినట్టయింది. కుడి మోచేతిలో ఏమీ లేదు. తర్వాత కుడికాలి బొటనవేలు పట్టుకుని, ఇప్పుడు పైకి వంచానా కిందికి వంచానా అని అడిగాడు. మీరింకా పట్టుకోలేదు కదా అంది లసుమవ్వ. గోడ పక్కన నిలబడి అంతా చూస్తున్న దశరథం తల దించుకున్నాడు.

కళ్లు తెరవమన్నాక ఆమె తన కుడిచెయ్యి చూసుకుని బిత్తరపోయింది. చాపి ఉంచిన చెయ్యి తనంతట తాను పైకి లేచి పక్కకు పోయి ఉంది. వేళ్లు చీమలను వెతుకుతున్నట్టు ఒక్కొక్కటే కదులుతున్నాయి. ఆమె చూడగానే ఆగిపోయాయి.

డాక్టరు విసుక్కోకుండా చెప్పాడు.

"చూడమ్మా, నీ చేతికి జబ్బు లేదు. కండల బలానికీ లోటు లేదు. మెదడు కిందుగా, మెడ మొదట్లో కాడ లాంటిది ఒకటి ఉంటుంది. ఒంట్లో కబురంతా దాని గుండానే పైకి పోవాలి. అందులో రెండు దారులున్నాయి. వేడి, నొప్పి ఒక దారిన పోతాయి. ముట్టుకున్నది, చెయ్యి ఎక్కడుంది కాలు ఎక్కడుంది అన్నది ఇంకో దారిన పోతాయి. నీకు ఆ రెండో దారి దగ్గర చిన్న రక్తనాళం మూసుకుపోయినట్టుంది. ఆ దారి తెగింది. మొదటిది బాగానే ఉంది."

కుడిచెయ్యి కదా పోయింది, కుడివైపు దారేనా తెగింది అని దశరథం అడిగాడు. ఆ దారి పైకి పోతూ మధ్యలో ఎదురు పక్కకు దాటుతుందనీ, కాడలో ఎడమపక్క దెబ్బ తగిలితే ఒంట్లో కుడిపక్క పోతుందనీ డాక్టరు చెప్పాడు. దశరథానికి ఎంత అర్థమైందో గానీ తల ఊపాడు.

లసుమవ్వ అడిగింది ఒక్కటే. మళ్లీ వస్తుందా?

కొంత రావచ్చు, రాకపోవచ్చు, మాట ఇవ్వలేనన్నాడు ఆయన. మందు లేదన్నాడు. అందాకా చెయ్యి చేసే పని కన్ను చెయ్యాలి, నడిచేటప్పుడు కాలిని చూడు, పట్టుకునేటప్పుడు చేతిని చూడు, చీకట్లో ఒంటరిగా తిరగకు అన్నాడు.

"నేను మంత్రసానిని సారూ" అంది లసుమవ్వ. "లోపలికి చూపు ఎట్ల పోతది?"

ఆయన చేతిలోని సూదిని దూదిలో గుచ్చి పెట్టాడు. తర్వాత, ఎడమచేతికి నేర్పుకోమన్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో కిటికీ పక్కన కూచుని, ఒళ్లో పెట్టుకున్న కుడిచేతినే చూస్తూ వచ్చింది. చూపు తిప్పితే అది ఎక్కడికో పోతుందన్నట్టు చూసింది. ఎన్ని వందల తలలు ఆ అరచేతిలో పడ్డాయో ఆమెకే లెక్క తెలియదు. తడి తడిగా, నురుగు లాంటి తెల్లటి జిడ్డు పూసుకుని, జారిపోతున్నట్టే ఉండి జారకుండా అరచేతిలో ఒదిగే ఆ తల ఆమెకు బాగా గుర్తుంది. గుర్తుండటమే బాధైపోయింది.

నెలలు గడిచాయి. పక్క ఊరి నుంచి వేరే మంత్రసానిని పిలిపించుకోవడం తాటిగుంటకు అలవాటైంది. ఏ ఇంట్లోనైనా నొప్పులు మొదలైతే లసుమవ్వకు ముందే తెలిసేది. గడప మీద కూచుని ఆ ఇంటి వైపే చెవి పెట్టి వినేది. కేకల మధ్య ఎడం తగ్గుతుంటే, ఇప్పుడు చెయ్యి పెట్టి చూడాలె అని తనలో తాను అనుకునేది. బిడ్డ ఏడుపు వినబడ్డాక లేచి లోపలికి పోయేది. ఆ పూట అన్నం తినేది కాదు.

మిట్టమధ్యాహ్నం కునుకు పడితే కలలో చెయ్యి తిరిగి వచ్చేది. ఏ తల్లి కడుపు మీదో అరచెయ్యి ఆనించి ఉండేది. లోపల బిడ్డ కాలితో తన్నితే సరిగ్గా అరచేతి నడుమ తగిలేది. లేచాక ఆ చెయ్యి మంచం పట్టె మీద ఉందో కిందికి వేలాడుతోందో చూసుకుంటే గానీ తెలిసేది కాదు.

ఆ చేతికి మిగిలినవి నొప్పీ, వేడీ. పసుపు ఉడికే పెద్ద బాణలి పక్కన నిలబడి ఆవిరి మీద చెయ్యి పట్టేది. ఎండకు కాగిన బట్టలుతికే బండ మీద ఆనించేది. అప్పుడు మాత్రం తన చెయ్యి తన దగ్గర ఉన్నట్టు తెలిసేది. ఒక రోజు మరీ ఎక్కువసేపు ఆనించిందేమో, కోడలు బాలలక్ష్మి వచ్చి చెయ్యి లాగేసింది. అరచెయ్యి బొబ్బలెక్కింది. కాలుతున్నది తెలుస్తలేదా అత్తా అని కోడలు కోప్పడితే, తెలుస్తున్నదనే పెట్టిన బిడ్డా అంది లసుమవ్వ.

డాక్టరు మాట మరిచిపోలేదు. ఒక గుడ్డ సంచిలో చింతగింజలు, శనగలు, అలసందలు కలిపి పోసి, ఎడమచెయ్యి లోపల పెట్టి ఏ గింజ ఏదో పోల్చుకునేది. ఆరు నెలల్లో ఆ చెయ్యి దారికి వచ్చింది. కానీ ఊరు దారికి రాలేదు. ఒక ఇంట్లో పురుటి నొప్పుల మనిషి దగ్గర ఆమె ఎడమచేతికి ఆముదం రాసుకోబోతుంటే ఆ ఇంటి ముసలామె చెయ్యి అడ్డం పెట్టింది. పసిగుడ్డు లోకంలోకి వస్తూనే ఎడమచెయ్యి తగలాలా అంది. కోపంగా కూడా అనలేదు. లసుమవ్వ ఆముదం గిన్నె పక్కన పెట్టి ఇంటికి వచ్చింది. ఆ ముసలామె స్థానంలో ఉంటే తానూ అదే మాట అనేదాన్నని ఆమెకు తెలుసు.

అప్పుడే ఆమె చూపు కోడలి మీద పడింది.

బాలలక్ష్మికి ఇరవై ఏళ్లు ఉంటాయి. కొడుకు రాయమల్లు మందమర్రి బొగ్గుబాయిలో పని చేస్తూ నెలకోసారి వచ్చి పోయేవాడు. క్వార్టరు దొరకగానే పెళ్లాన్ని తీసుకుపోవాలని అతడి ఆలోచన. బాలలక్ష్మి ఆలోచనా అదే. నెత్తురు చూస్తే ఆమెకు కళ్లు తిరుగుతాయి. నాతోని కాదత్తా అని ఎన్నిసార్లో చెప్పింది. లసుమవ్వ బతిమిలాడలేదు, తిట్టలేదు. గింజల సంచి తెచ్చి ఆమె ముందు పెట్టింది. ఊరికే ఆటకని మొదలైంది. తర్వాత ఈనుతున్న మేక దగ్గరికి తీసుకుపోయింది. ఆ మేకపిల్ల బాలలక్ష్మి చేతిలో పడి తల విదిలించి నిలబడ్డ రోజున కోడలి ముఖంలో భయం పోయి ఇంకేదో వచ్చింది. లసుమవ్వ అది గమనించింది.

నేర్పడం మాత్రం ఆమెకు చచ్చేంత పనైంది. తన అత్త తనకు మాటలతో నేర్పలేదు. చేతి మీద చెయ్యి వేసి నేర్పింది. ఇప్పుడు తాను వేసే చెయ్యికి ఏమీ తెలియదు. ముప్పై ఏళ్లుగా చేతిలో ఉన్నదాన్ని ఒక్కొక్కటే నోటికి తెచ్చుకోవలసి వచ్చింది. తల ఎట్లా తగులుతుంది? కొబ్బరికాయ లాగా. కాదు, కొబ్బరికాయ మీద తడిగుడ్డ కప్పినట్టు. పిర్రలైతే? బిగించి పిసికిన పిండిముద్ద లాగా. చిన్న చిన్న వేళ్లు తగిలితే అది చెయ్యో కాలో ఎట్లా తెలుస్తుంది? మడిమె ఉంటే కాలు, లేకపోతే చెయ్యి. ఇట్లా వెతుక్కుని వెతుక్కుని చెప్పేది. చెప్పిన ప్రతిసారీ ఆ స్పర్శ ఎక్కడో దగ్గరికి వచ్చి ఆగిపోయినట్టు ఉండేది.

అరవైలో శ్రావణమాసం. నాలుగు రోజులుగా ముసురు. మెట్‌పల్లి దారిలోని వాగు నిండా పారుతోంది. పొద్దు వాలకముందే సాలె సిద్దిరాములు తడుస్తూ వచ్చి వాకిట్లో నిలబడ్డాడు. అతడి పెళ్లాం ఐలవ్వకు పొద్దటి నుంచి నొప్పులు. మొదటి కాన్పులో బిడ్డ దక్కలేదు. వాగు అవతల నుంచి మంత్రసాని రాలేదు, దవాఖానాకు బండి పోలేదు. ఎవరైనా సరే, ఏ చెయ్యైనా సరే రమ్మన్నాడు.

లసుమవ్వ కోడలి వైపు చూసింది. బాలలక్ష్మి పాలిపోయింది. అయినా కొంగు బిగించుకుంది.

మగ్గం ఉన్న ఇల్లు. ఒక పక్కన సగం నేసిన చీర అట్లాగే ఉంది. రెండో పక్కన గడ్డి మీద బొంత పరిచి ఐలవ్వను పడుకోబెట్టారు. ఆమె పెదవులు ఎండిపోయి ఉన్నాయి. లసుమవ్వ పక్కన కూలబడి, పాత అలవాటున కుడిచెయ్యి ఆమె కడుపు మీద పెట్టింది. వెచ్చగా ఉంది. అంతే. ఆ కడుపు గోడకు అవతల ఒక ప్రాణం ఏదో చెబుతూ ఉంటే వినబడని దూరాన నిలబడ్డట్టు అనిపించింది. చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుంది. ఎడమచేత్తో కోడలి మణికట్టు పట్టుకుంది.

"కళ్లు మూసుకో" అంది. "ఏం తగులుతున్నదో గదే చెప్పు. అనుకున్నది చెప్పకు."

బాలలక్ష్మి చెయ్యి లోపలికి పోయింది. ఆమె నరాలు బిగుసుకోవడం లసుమవ్వ ఎడమచేతికి తెలుస్తోంది.

"మెత్తగున్నదత్తా."

"ఎంత మెత్తగ? బుగ్గ లెక్కనా, ముక్కు కొస లెక్కనా?"

"బుగ్గ లెక్క."

"జర కిందికి రా. ఇంకేమున్నది?"

ఐలవ్వ మూలిగింది. బాలలక్ష్మి నుదుటి మీద చెమట పట్టింది.

"ఏళ్లు. సన్నసన్న ఏళ్లు."

"మడిమె ఉన్నదా?"

"తెలుస్తలేదు."

"ఫికర్ చెయ్యకు. ఏళ్ల మీదికెల్లి మెల్లగ ఎనుకకు పో. మూల తిరిగిన కాడ గుండ్రంగ ఏమన్న ఉన్నదా?"

"ఉన్నది" అంది బాలలక్ష్మి. "ఉన్నదత్తా, మడిమెనే."

బిడ్డ ఎదురుకాళ్లతో వస్తోంది. లసుమవ్వకు కళ్ల ముందు అంతా కనబడింది. అట్లా వచ్చినవాళ్లను ఆమె ఏడుగురిని తీసింది. ఐదుగురు దక్కారు. పోయిన ఇద్దరూ తొందరపడి లాగినందుకే పోయారని ఆమెకు ఎప్పటినుంచో తెలుసు. చెయ్యి తియ్యమంది. లాగొద్దంది. ఐలవ్వతో, నొప్పి వచ్చినప్పుడే ముక్కమని చెప్పి, వాన చప్పుడు వింటూ కూచుంది. ఆ కూచోవడం అన్నిటికంటే కష్టమైంది. ఎదురుగా కాళ్లు కనబడ్డాయి, నడుము కనబడింది. ఆమె భుజాలు వాటంతట అవే ముందుకు వంగాయి. కుడిచెయ్యి ఎప్పుడు లేచిందో లేచి బిడ్డ వైపు పోతోంది. చూసి, దాన్ని తన మోకాలి కింద పెట్టి అదుముకుంది.

బొడ్డు దాకా వచ్చాక గుడ్డ చుట్టి నడుము పట్టుకొమ్మంది. ఒక చెయ్యి వచ్చింది, రెండో చెయ్యి వచ్చింది. తల ఆగిపోయింది. సిద్దిరాములు తల్లి ఏడుపు అందుకుంది. లసుమవ్వ గొంతు పెంచలేదు.

"బిడ్డను నీ ముంజేతి మీద పండవెట్టుకో. మొకం కిందికి ఉండాలె. ఇప్పుడు ఏలు పెట్టు. నోరు తగిలిందా?"

"తగిలింది. లోపల మెత్తగున్నది, అంచు గట్టిగున్నది."

"గా అంచు చిగురు. ఏలు నోట్లెనే ఉంచి, గదుమ ఛాతీకి ఆనేటట్టు వంచు. తల దానంతట అదే తిరుగుతది. ఆగు, నొప్పి రానీ. ఇగ ఇప్పుడు."

తల వచ్చింది. ఆడపిల్ల. నీలంగా, వాలిపోయి ఉంది. నోట్లో నుంచి జిగురు తీసి, వీపు రుద్ది, అరికాళ్లు తట్టి, మళ్లీ వీపు రుద్దితే ఒక చిన్న పొలమారిన చప్పుడు చేసింది. తర్వాత ఏడ్చింది. బాలలక్ష్మి కూడా ఏడ్చింది. మాయ పడేదాకా లసుమవ్వ ఎవరినీ కదలనివ్వలేదు.

అంతా అయ్యాక సిద్దిరాములు తల్లి బిడ్డను తెచ్చి లసుమవ్వ చేతుల్లో పెట్టింది. ఎడమచెయ్యి పట్టిన వైపు తడి వెంట్రుకలు, మెత్తటి నెత్తి, దాని మీద టకటక కొట్టుకునే మాడు, అన్నీ ఉన్నాయి. కుడిచెయ్యి పట్టిన వైపు కాళ్లూ నడుమూ ఉండాలి. అక్కడ వెచ్చదనం తప్ప ఏమీ లేదు. సగం పిల్లే ఒళ్లో ఉన్నట్టు ఉంది. కళ్లు దించి చూస్తే రెండు కాళ్లూ ఆ చేతిలోనే ఆడుతున్నాయి. ఐలవ్వ పక్కన బిడ్డను పడుకోబెట్టి, కాళ్లు చూసుకుంటూ బురదలో మెల్లగా ఇంటికి నడిచింది.

ఆ పురుడు తర్వాత పక్క ఊరి మంత్రసానికి తాటిగుంట నుంచి కబురు పోలేదు. బాలలక్ష్మిని పిలిచేవారు, వెంట లసుమవ్వ వచ్చేది. ఆమె చెయ్యి కదపకుండా పక్కన కూచుని అడుగుతుంటే, కోడలు జవాబు చెబుతూ పని చేసేది. రాయమల్లుకు అరవై రెండులో క్వార్టరు దొరికింది. ఈ నెల రెండు కాన్పులున్నాయి, అవి కాంగనే వస్తనని బాలలక్ష్మి చెప్పింది. మరుసటి నెలా అదే చెప్పింది. అతడు కోపం తెచ్చుకుని రెండు నెలలు ఇంటికి రాలేదు. నా చెయ్యి పోయినందుకు నీ సంసారం పాడైతున్నది, నువ్వు పో బిడ్డా అని లసుమవ్వ నిజంగానే చెప్పింది. బాలలక్ష్మి పోలేదు. చివరికి రాయమల్లే క్వార్టరు వేరేవాళ్లకు వదిలి, వారం వారం సైకిలు మీదా బస్సు మీదా రావడం మొదలుపెట్టాడు. వాళ్లకు ఇద్దరు పిల్లలు పుట్టారు. ఆ రెండు పుట్టుకల్లోనూ లసుమవ్వ ఎడమచెయ్యే పట్టింది. పట్టమన్నది బాలలక్ష్మే. ఊళ్లో ఎవరూ నోరెత్తలేదు.

తర్వాత్తర్వాత మెట్‌పల్లిలో సర్కారు వాళ్లు మంత్రసానులకు నెల రోజులు నేర్పి, కత్తెర, దారం, సబ్బు పెట్టిన అల్యూమినియం పెట్టె ఇచ్చారు. పెట్టె వచ్చాక బాలలక్ష్మి ఒక్కతే పోతుండేది. లసుమవ్వకు కాలు మరీ మాట వినకుండా అయింది. గడప దాటాలంటే దశరథం భుజం కావాలి.

అయినా ఆమె ఒకటి మానలేదు. కోడలు పురుడు పోసి వచ్చి, కాళ్లు కడుక్కుని పక్కన కూచోగానే అడిగేది. ఎట్ల తగిలింది? తల ఎటున్నది? మెడ చుట్టూ పేగున్నదా, ఎట్ల తెలిసింది? బాలలక్ష్మి ఎంత అలసిపోయి వచ్చినా వంట పక్కన పెట్టి అన్నీ చెప్పేది. లసుమవ్వ కళ్లు మూసుకుని వినేది. వింటున్నంతసేపు ఆమె ముఖం వయసు తగ్గినట్టుండేది.

అరవై ఏడు చలికాలంలో ఒక పొద్దున బాలలక్ష్మి భూమన్న ఇంట్లో కాన్పు చేసి వచ్చింది. కవల పిల్లలు. రెండో బిడ్డ అడ్డం తిరిగి ఉంటే బయటి నుంచి కడుపు మీద చెయ్యితోనే సరిచేసి తీసింది. లసుమవ్వ ఎండలో మంచం మీద కూచుని ఉంది. ఎప్పటిలాగే అడిగింది. అడ్డం తిరిగినట్టు ఎట్ల తెలిసింది, ఎటు నుంచి ఎటు నెట్టినవ్, చెయ్యి కింద ఎట్లున్నది?

బాలలక్ష్మి చెప్పబోయి ఆగింది. తన అరచేతిని చూసుకుంది. మళ్లీ మొదలుపెట్టి మళ్లీ ఆగింది.

"ఏమో అత్తా" అంది చివరికి. "చెయ్యి పెట్టిన, తెలిసింది. ఎట్ల తెలిసిందంటే మాటలకు వస్తలేదు."

అత్తను నొప్పించానేమో అని కోడలు మంచం మీదికి జరిగి కూచుంది. లసుమవ్వ ఎడమచెయ్యి చాపి ఆమె కుడిచేతిని తన ఒళ్లోకి తీసుకుంది. ఒక్కొక్క వేలే తడుముతూ, ఎక్కడెక్కడ కాయలు కాశాయో, ఎక్కడ ఇంకా మెత్తగా ఉందో చూసింది.

"రాదు బిడ్డా" అంది. "నాకూ వచ్చేది కాదు."

ఆ తర్వాత ఆమె ఎన్నడూ అడగలేదు. బాలలక్ష్మి పురుడు పోసి వచ్చిన రోజుల్లో, తల్లీ పిల్లా మంచిగున్నారా అని మాత్రం అడిగి, ఉన్నారంటే తల ఊపి, ఎండ ఉన్న వైపు తిరిగి కూచునేది.